కుడి చెవితో ఆట చెప్పేవాడు

“నవ్వినావా లేదా? అదొక్కటి చెప్పు. మిగతా కథంతా నాకొద్దు.”

“అక్కా, ముందు కూర్చో.”

“కూర్చునేదానికి రాలేదు నేను. ఆయన నా బిడ్డని కొడతా ఉంటే నువ్వు టీవీలో నవ్వినావు. మా వీధంతా ఇన్నారు. నవ్వలేదని చెప్పు, నీ కాళ్ళకి మొక్కి పోతా.”

మోహన్‌రాజ్ నవ్వలేదని చెప్పలేదు. ఆ తర్వాత తలుపు అవతల నుంచి వినిపించింది స్టీలు క్యారియరు ఎముకకు తగిలిన చప్పుడు.

నేను సౌండు గదిలోంచి పరుగెత్తేసరికి ఆమె రెండోసారి సంచి ఎత్తుతోంది. పేరు లూర్దుమేరి. ఉత్తర మద్రాసులో తొండియార్‌పేట మనిషి. ఆస్పత్రిలో ఉన్న కూతురికి గంజి తీసుకెళ్తూ, దారి మార్చుకుని కోడంబాక్కంలో రైలు దిగి మా స్టూడియోకి వచ్చింది. మోహన్‌రాజ్ ఆరడుగుల నాలుగంగుళాలు. ఆమె అతని పక్కటెముకల దాకా వస్తుంది. అందుకని కింది నుంచి పైకి విసిరి కొట్టింది. మొదటి దెబ్బకు కనుబొమ మీద చర్మం చీలింది. రెండో దెబ్బకు క్యారియరు మూత ఊడి గంజి అతని చొక్కా నిండా పడింది. రక్తం కారి గంజిలో కలిసింది. అతను తల పక్కకు తిప్పుకోలేదు. నేను ఆమె చెయ్యి పట్టుకుంటే నా మణికట్టు కొరికింది. ఆ పళ్ళ గుర్తులు వారం రోజులున్నాయి.

ఆయాసం తగ్గాక ఆమె గొంతు తగ్గించి మాట్లాడింది. అరిచినప్పటి కంటే అదే నాకు భయమేసింది.

“శనివారం విచారణంట. నా బిడ్డ నోరు తీగలతో కట్టేసినారు. అది మాట్లాడలేదు. ఆడ కోచ్ సారు మాట్లాడతాడు. ఉత్తినే భుజం తట్టినానంతే, కామెంటరీ చెప్పేవాడు కూడా నవ్వినాడు గదా అంటాడు. నీ నవ్వే ఆయనకి సాక్షి. నువ్వొచ్చి చెప్పు, నువ్వేం చూసినావో.”

ఖాళీ క్యారియరు సంచిలో వేసుకుని పోయింది. మోహన్‌రాజ్ నేల మీద గంజి తుడవడానికి గుడ్డ వెతుక్కున్నాడు.

ఈ మోహన్‌రాజ్ గురించి రాయాలని ఎవరూ నన్ను అడగలేదు. పేపర్లలో రాయరు. బాస్కెట్‌బాల్‌కి తెలుగులో కామెంటరీ చెప్పేవాడి గురించి ఎవరికి కావాలి? కానీ పద్నాలుగు నెలలు అతని సౌండు చూసుకున్నవాణ్ణి. మూడో ఏడాది ఇంజనీరింగ్ వదిలేసి రెండేళ్ళలో నాలుగు ఉద్యోగాలు మారినవాణ్ణి. ఈ ఒక్కచోట ఆగానంటే అతని కోసమే.

ఆట చెప్పేవాళ్ళు స్టేడియంలో కూర్చుంటారని జనం అనుకుంటారు. మాకు అంత లేదు. ఆట ఎక్కడ జరిగినా బొమ్మ కోడంబాక్కం వస్తుంది. బీరువా అంత గదిలో రెండు తెరల ముందు మోహన్‌రాజ్ మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంటాడు. పెద్ద తెర మీద జనం చూసే బొమ్మ, చిన్న తెర మీద ఇంకో కెమెరా. చెవులకు హెడ్‌ఫోను. ఒక చెవిలో మైదానం చప్పుడు, రెండో చెవిలో ప్రొడ్యూసర్ శ్రీప్రియ ఆజ్ఞలు. స్కోరు చెప్పు, ఆపు, యాడ్ వస్తోంది, మళ్ళీ మొదలుపెట్టు. ఈ రెండూ వింటూ మూడోది మాట్లాడాలి. అదీ పని.

మోహన్‌రాజ్ చెప్పే తీరు వేరు. పుస్తకం మాటలు వాడడు. రింగుకు తగిలి తిరిగొచ్చిన బంతిని ఎవడైనా అందుకుంటే ‘రీబౌండ్ తీసుకున్నాడు’ అని ఊరుకోడు. ‘మోచేతులు తెరిచి దూకినాడు, పక్కటెముకలు జాగ్రత్త పెట్టుకోండప్పా’ అంటాడు. ఎవడి మోకాలికి ఏ పక్క నొప్పో పరుగు చూసి చెప్పేస్తాడు. తొండియార్‌పేట, రాయపురం, అటు నెల్లూరు దాకా అతని గొంతు కోసమే ఆట పెట్టుకునేవాళ్ళున్నారు. పోయినేడు సెమీస్‌లో ఇద్దరు ఆటగాళ్ళు గుద్దుకుని ఒకడి కనురెప్ప చీలితే, కెమెరా పక్కకు తిరిగేలోపు ఎన్ని కుట్లు పడతాయో చెప్పాడు. అయిదు అన్నాడు. అయిదే పడ్డాయి.

ఇదంతా ఒంటి మీద నేర్చుకున్నదే. తండ్రి వరదయ్య హార్బర్‌లో బస్తాలు మోసేవాడు. నాలుగు తరాల కిందట నెల్లూరు వైపు నుంచి వచ్చి అక్కడే ఉండిపోయిన కుటుంబం. కార్పొరేషన్ మైదానంలో సిమెంటు నేల, నెట్ లేని రింగు. అక్కడ ఫౌల్ అనే మాటే లేదు. పదహారేళ్ళు నిండకముందే మోహన్‌రాజ్‌కి రెండు పళ్ళు పోయాయి, తాను ఎవడివో మూడు రాలగొట్టాడు. లెక్క నాదే ఎక్కువ అని ఇప్పటికీ గొప్పగా చెబుతాడు.

పదహారో ఏట గోవిందన్ కంట్లో పడ్డాడు. గోవిందన్ కోచ్. ఆయన క్యాంపులో ఉంటే గవర్నమెంటు డిపార్ట్‌మెంటులో ఉద్యోగం ఖాయమని ఉత్తర మద్రాసులో పిల్లల్ని కన్న ప్రతివాడికీ తెలుసు. ఇంకోటి కూడా తెలుసు. ఆయన కొడతాడు.

కొట్టడానికి ఒక పద్ధతి ఉండేది. ఆటలో టైమవుట్ అంటే ఒక్క నిమిషం. జట్టంతా ఒకరి భుజాల మీద ఒకరు చేతులేసుకుని గుండ్రంగా నిలబడతారు. బయటి నుంచి చూస్తే ఎంత ఐకమత్యం అనిపిస్తుంది. పొడుగు వాళ్ళు జనం వైపు, రిఫరీ వైపు నిలబడాలి. తప్పు చేసినవాడు మధ్యలోకి రావాలి. “కైయె పిన్నాడి కట్టు” అంటాడు గోవిందన్. చేతులు వెనక్కి కట్టుకోమని. కట్టుకున్నాక అరచెయ్యి గిన్నెలా వంచి చెంపకూ చెవికీ కలిపి ఒక్కటి. అడుగు వెనక్కి వేస్తే ఇంకో రెండు. క్యాంపు పిల్లలు దీనికి ఉప్పు అని పేరు పెట్టుకున్నారు. ఈ రోజు నీకు ఉప్పు పడిందా అని మెస్సులో ఒకరినొకరు అడిగి నవ్వుకునేవాళ్ళు. నవ్వకపోతే ఏడుపొస్తుంది, ఏడిస్తే ఇంటికి పంపేస్తారు.

మోహన్‌రాజ్‌కి పంతొమ్మిదో ఏట పడిన ఉప్పు గురించి నాకు రెండు ముక్కల్లో చెప్పాడు. సెమీఫైనల్లో ఊరికే వచ్చిన రెండు షాట్లు పోగొట్టాడు. టైమవుట్‌లో మధ్యలోకి పిలుపు. దెబ్బ పడగానే చెవిలో కుక్కర్ విజిల్ మొదలైంది, ఆగలేదు. మళ్ళీ ఆటలోకి దిగితే నేల ఒక పక్కకు ఒరిగినట్టు అనిపించింది. నేరుగా పరుగెడుతున్నాననుకుంటూ కుడివైపుకు పోయి గోడకు గుద్దుకున్నాడు. పొద్దున లేస్తే దిండు ఎర్రగా ఉంది. డాక్టరు లేడు. గోవిందన్ తన చేత్తో దూది పెట్టి, రేపు ఫైనల్ అన్నాడు. ఫైనల్లో మోహన్‌రాజ్ ఇరవై ఆరు పాయింట్లు కొట్టాడు. రెండు నెలల్లో ఉద్యోగం ఆర్డరు వచ్చింది. ఆ దెబ్బే తనకు అన్నం పెట్టిందని ఇరవై అయిదేళ్ళు నమ్మాడు. నాకైతే నమ్మబుద్ధి కాలేదు, అదే మొహం మీద చెప్పాను. నువ్వు ఆడలేదు గదా అన్నాడు.

దెబ్బలు తినడమే కాదు, తినిపించాడు కూడా. ఎదుటి జట్టులో ఆంటో అని ఒక మంచి షూటర్ ఉండేవాడు. గోవిందన్ టైమవుట్‌లో తన ముక్కు మీద వేలు పెట్టి మోహన్‌రాజ్ వైపు చూశాడు. అంతే. నాలుగు నిమిషాల తర్వాత బంతి కోసం దూకినట్టు దూకి మోచెయ్యి తిప్పాడు. చెరుకు గడ విరిచిన చప్పుడు వచ్చిందట. ఆంటో మోకాళ్ళ మీద కూర్చుని రెండు దోసిళ్ళలో తన రక్తం తనే పట్టుకున్నాడు, నేల పాడవుతుందేమో అన్నట్టు. ఆ సాయంత్రం గోవిందన్ తన కంచంలోని ఉడకబెట్టిన గుడ్డు తీసి మోహన్‌రాజ్ కంచంలో పెట్టాడు. అంత రుచిగా గుడ్డు మళ్ళీ ఎప్పుడూ తినలేదని చెప్పి, చెప్పిన వెంటనే లేచి బయటికి పోయాడు. ఆంటో ఇప్పుడు అంబత్తూరులో లేత్ మిషన్ మీద పనిచేస్తున్నాడు. వాసన తెలియదు. ఇద్దరికీ మాటల్లేవు.

ముప్పై ఒకటో ఏట మోకాలు పోయింది. ఎవడో మడమతో తొక్కాడు. తొక్కించారో, తొక్కాడో మోహన్‌రాజ్ అడగలేదు. తర్వాత నాలుగేళ్ళు ఆఫీసులో చిన్న బల్ల కింద కాళ్ళు పట్టక అడ్డంగా కూర్చుని ఫైళ్ళు తిరగేశాడు. ఒక ప్రైవేటు లీగు మొదలై తెలుగులో చెప్పేవాడు కావాలంటే ఎవరో ఇతని పేరు చెప్పారు. మొదటి రోజే మైకు ముందు కూర్చుని, మైదానం గోడ మీద స్నేహితులతో కూర్చున్నట్టు మాట్లాడాడు. శ్రీప్రియ ఆ రోజే తీసుకుంది. నాలుగేళ్ళ కిందట ఉద్యోగం కూడా వదిలేశాడు. ఇప్పుడు అతనికి ఉన్నదల్లా ఆ బీరువా గదీ ఆ మైకూ.

చెవి సంగతి నాకు ఎలా తెలిసిందో చెప్పాలి. పనిలో చేరిన మూడో రోజు హెడ్‌ఫోను వైర్లు చూశాను. రెండు చెవుల్లోకి రావాల్సిన రెండు గొంతులూ కుడి చెవిలోకే కలిపి పెట్టి ఉన్నాయి. ఎవడో తాగి సోల్డర్ చేశాడనుకుని సరిచేసేశాను. ఆ రోజు మోహన్‌రాజ్ శ్రీప్రియ మాట ఒక్కటీ వినలేదు. యాడ్ల మీద మాట్లాడాడు, ఆపమంటే ఆపలేదు. మూడోసారికి ఆమె గదిలోకి వచ్చి ఫైలు అతని మొహం మీదికి విసిరింది. ఆమె పోయాక అతను నన్ను మెడ పట్టి గోడకు ఎత్తాడు. బొటనవేలు దవడ కింద దిగింది. నా కాళ్ళు నేలకు ఆనలేదు.

“ఎవురు తాకమన్నార్రా?”

కళ్ళ ముందు నల్లబడేదాకా వదల్లేదు. వదిలాక బయటికి పోయి రెండు టీలు తెచ్చాడు. ఒకటి నాకిచ్చి, ఎడమ చెవి అస్సలు పనిచెయ్యదని, నాకు ముందున్న సౌండు మనిషికి తప్ప ఎవరికీ తెలియదని చెప్పాడు. తెలిస్తే పీకేస్తారు. ఒంటి చెవి వాడికి ఎవడు మైకిస్తాడు? వైర్లు మళ్ళీ పాతలాగే కలిపాను. మెడ నొప్పికి నాలుగు రోజులు ఇడ్లీ కూడా మింగలేకపోయాను. అయినా పని మానలేదు. ఎందుకో తెలియదు.

ఇక ఉప్పు. ఆరేళ్ళ కిందట ఒక ఆటలో తెర మీద జట్టు గుండ్రంగా కట్టగానే, ఆ మాట దానంతటదే నోట్లోంచి దూకిందట. “సారు ఉప్పేస్తా ఉండాడప్పా” అన్నాడు, నవ్వాడు. జనానికి తెగ నచ్చింది. కోచ్ ఏదో ఘాటైన సలహా ఇస్తున్నాడని వాళ్ళు అనుకున్నారు. ఆ ముక్క కత్తిరించి ఫోన్లలో పంపుకున్నారు. పిల్లలు వీధుల్లో అనడం మొదలెట్టారు. ప్రతి టైమవుట్‌కీ అనమని శ్రీప్రియ చెప్పింది. అన్నాడు. ఆ మాటకు అర్థం తెలిసినవాళ్ళు గోవిందన్ క్యాంపులో తిన్నవాళ్ళు మాత్రమే. వాళ్ళలో ఒక్కడు కూడా ఫోన్ చేసి ఎందుకంటున్నావని అడగలేదు.

పోయిన నెల ఆడవాళ్ళ లీగులో ఒక ఆదివారం సాయంత్రం. గోవిందన్‌కి ఇప్పుడు అరవై ఎనిమిది, ఇంకా కోచింగు మానలేదు. ఆయన జట్టులో బంతి నడిపించేది లూర్దుమేరి కూతురు షాలిని, పంతొమ్మిదేళ్ళు. వరసగా రెండు బంతులు చేజార్చింది. టైమవుట్. పిల్లలు గుండ్రంగా కట్టారు. ఇద్దరు పొడుగమ్మాయిలు కెమెరా వైపు వీపులు పెట్టి నిలబడ్డారు. వాళ్ళ తలల మీదుగా ఒక చెయ్యి పైకి లేచి కిందికి దిగింది. మోహన్‌రాజ్ ఎప్పటిలాగే మాట అన్నాడు, ఎప్పటిలాగే నవ్వాడు.

గుండ్రం విడింది. చిన్న తెర మీద షాలిని కనిపించింది. చెవిలో నీళ్ళు పోయినట్టు తల విదిలిస్తోంది.

బల్ల మీద చిన్న బటన్ ఉంటుంది. దగ్గు వచ్చినప్పుడు నొక్కితే గొంతు బయటికి పోదు. మోహన్‌రాజ్ దాన్ని నొక్కిపట్టి వెనకే కూర్చున్న నా వైపు తిరిగాడు. మొహంలో రక్తం లేదు.

“చెవి పోయిందిరా ఆ పిల్లకి. ఎడమది.”

నలభై సెకన్లు బటన్ మీద నుంచి వేలు తియ్యలేదు. శ్రీప్రియ అద్దం అవతల చేతులు ఊపుతూ అరుస్తోంది. వేలు తీశాక మామూలుగా స్కోరు చెప్పాడు. ఆరు నిమిషాలు మామూలుగానే ఆట చెప్పాడు. షాలిని కుడివైపుకు ఒరిగి పరుగెడుతోంది. అది ఎందుకో ఈ లోకంలో అందరికంటే బాగా తెలిసినవాడు ‘షాలిని అలిసిపోయినట్టుంది’ అన్నాడు. ఆ ఆరు నిమిషాలే అతన్ని తింటున్నది. నవ్వు సంగతి తర్వాత.

ఆరో నిమిషంలో ఎదుటి జట్టమ్మాయి ఒకతె షాలిని దారికి ఎడమ పక్క నుంచి అడ్డంగా వచ్చి రాయిలా నిలబడింది. దాన్ని స్క్రీన్ అంటారు. ఆటలో ఉన్నదే, తప్పు కాదు. అలా ఎవరైనా నిలబడితే వెనకున్నవాళ్ళు కేక వేసి చెప్పాలి. వేశారు. మూడుసార్లు వేశారు, నా మీటర్ల మీద ఎర్రగా పడింది. షాలినికి వినిపించలేదు. పూర్తి వేగంతో పోయి ఆ అమ్మాయి భుజానికి దవడ కొట్టుకుంది. ఆ చప్పుడు కూడా మైకులోకి వచ్చింది. వెల్లకిలా పడి తల వెనక భాగం చెక్క నేలను తాకింది. నోట్లోంచి రక్తంతోపాటు తెల్లగా ఒకటి జారి బంతి పక్కన ఆగింది. కెమెరా జనం మీదికి తిరిగింది. శ్రీప్రియ యాడ్లు వేసేసింది. మోహన్‌రాజ్ హెడ్‌ఫోను తీసి బల్ల మీద పెట్టి, చెత్తబుట్టలో వాంతి చేసుకున్నాడు.

దవడ రెండుచోట్ల విరిగింది. ఎడమ కర్ణభేరి పగిలింది. గోవిందన్ విచారణ సంఘానికి రాసిచ్చిన కాగితంలో అన్నీ ఆ పడడంలోనే జరిగాయని, తాను భుజం మాత్రమే తట్టానని ఉంది. బొమ్మలో వీపులే కనిపిస్తాయి. చిన్న తెర బొమ్మ ఎవరూ రికార్డు చెయ్యరు. గుండ్రంలో నిలబడ్డ పిల్లలు ఆరుగురూ ఏమీ చూడలేదని సంతకాలు పెట్టారు. దెబ్బ ముందు, పడడం తర్వాత అని చెప్పగలిగినవాడు మోహన్‌రాజ్ ఒక్కడే. ఉప్పు అనే మాటకు క్యాంపులో అర్థం ఏమిటో చెప్పగలిగినవాడూ అతనే. చెవి ఎలా పోతుందో నీకెలా తెలుసని అడిగితే తన చెవి చూపించాలి. చూపిస్తే మైకు పోతుంది.

లూర్దుమేరి వచ్చి వెళ్ళిన మర్నాడు శ్రీప్రియ అతన్ని పిలిచి మాట్లాడింది. ఆమె చెడ్డ మనిషి కాదు. లీగు వాళ్ళు ఫోన్ చేశారని, సాక్ష్యం చెప్పడానికి పోయినవాడు తిరిగి మైకు ముందుకు రాడని అన్నారని, తాను ఆపలేనని ఉన్నదున్నట్టు చెప్పింది. మోహన్‌రాజ్ కనుబొమ మీద ప్లాస్టరు గోక్కుంటూ విన్నాడు. కుడి చెవి ఆమె వైపు పెట్టి.

గురువారం మధ్యాహ్నం గోవిందన్ వచ్చాడు. మేము స్టూడియో సందు చివర టీ కొట్టు దగ్గర నిలబడి ఉన్నాం. స్కూటరు మీద ఒక్కడే. తెల్ల చొక్కా, మెడలో ఈల, ఎండిన చెట్టులాంటి ముసలాయన. మోహన్‌రాజ్ చేతిలో సిగరెట్టు ఎటు పోయిందో నేను చూడలేదు. అరచేతిలోనే నలిపేశాడని తర్వాత బొబ్బ చూస్తే తెలిసింది.

గోవిందన్ తమిళంలో చాలా నెమ్మదిగా మాట్లాడాడు. ఇంటి సంగతులు అడిగాడు, మోకాలు అడిగాడు. నువ్వే అందరి ముందూ నవ్వావు గదా, ఆ నవ్వు మీదే ఉండు, వేరే ఏం చెప్పనక్కర్లేదు అన్నాడు. ఆ పిల్లకి చెవి పోయింది సార్ అన్నాడు మోహన్‌రాజ్, నేల చూస్తూ. పిల్లలకి ఏదో ఒకటి పోతూనే ఉంటుంది, ఆడి పైకి వచ్చినవాళ్ళని నేను లెక్కపెడతాను అన్నాడు గోవిందన్.

“నాదీ పోయింది సార్. మీరే దూది పెట్టినారు.”

అది మాత్రం తెలుగులో అన్నాడు. గోవిందన్‌కి తెలుగు అర్థమవుతుంది. టీ గ్లాసు బల్ల మీద పెట్టి, మెల్లగా అన్నాడు, “కైయె పిన్నాడి కట్టు.”

నలభై అయిదేళ్ళ మనిషి. వంద కిలోలు. టీ కొట్టు ముందు పదిమంది జనం. అతని చేతులు వెనక్కి పోయాయి. అంతటితో ఆగలేదు. ముసలాయనకు అందదని మోకాళ్ళు కొంచెం వంచాడు.

గిన్నెలా వంచిన అరచెయ్యి పడింది. ప్లాస్టరు ఊడి కనుబొమ మళ్ళీ చీలింది. అడుగు వెనక్కి వెయ్యలేదు.

నాకు ఆ తర్వాత ఏం చేశానో సగమే గుర్తు. గోవిందన్ కాలరు పట్టుకుని స్కూటరు మీదికి తోశాను. ఆయనా స్కూటరూ కలిసి పడ్డారు. ఆయన డొక్కలో ఒకటి తన్నాను. రెండోది తన్నేలోపు నా చొక్కా వెనక నుంచి ఎవరో లాగి గోడకేసి కొట్టారు. మోచెయ్యి చర్మం లేచిపోయింది, ముక్కులోంచి రక్తం. కొట్టింది మోహన్‌రాజ్. నన్ను అక్కడే వదిలి, గోవిందన్‌ని చంకల కింద చేతులేసి లేపాడు. తెల్ల చొక్కా దులిపాడు. స్కూటరు నిలబెట్టి స్టార్ట్ చేసి ఇచ్చాడు. ముసలాయన అద్దం సరిచేసుకుని పోయాడు. మోహన్‌రాజ్ ముఖం మీద నుంచి రక్తం కారి చొక్కా జేబు తడుస్తోంది. చేతులు మళ్ళీ వెనక్కి పోయాయి, స్కూటరు మలుపు తిరిగేదాకా వెనకే ఉన్నాయి.

ఆ రోజు నేను అతనితో మాట్లాడలేదు. అసహ్యం వేసింది. ఇలాంటివాడి కోసమా పద్నాలుగు నెలలు ఒకచోట ఆగాను అనుకున్నాను.

శుక్రవారం ఆట లేదు. నేను బ్యాగు సర్దుకోవడానికి వెళ్ళాను. మోహన్‌రాజ్ బీరువా గదిలో ఆరిపోయిన తెరల ముందు కూర్చుని ఉన్నాడు. విచారణలో చెప్పాల్సింది కాగితం మీద రాసుకున్నాడు. పెద్ద అక్షరాలు, రెండు పేజీలు. చదవమని నాకిచ్చాడు. ఉప్పు అంటే ఏమిటో రాశాడు. తన చెవి రాశాడు. ఆంటో ముక్కు రాశాడు, వేలు చూపించింది ఆయనే అయినా మోచెయ్యి తనదే అని రాశాడు. షాలినికి దెబ్బ తగిలిందని తెలిసి ఆరు నిమిషాలు ఊరుకున్నానని రాశాడు. ఒక వాక్యం దగ్గర పెన్ను కాగితాన్ని చింపేసింది. క్యాంపులో నేను తిన్నవి తక్కువ, వేరేవాళ్ళకి పడుతుంటే జనానికి కనిపించకుండా అడ్డం నిలబడినవి ఎక్కువ, ఎన్నో లెక్క తెలియదు అని.

అంతా బాగానే ఉంది, రేపు ఇది చదివెయ్యి అన్నాను. చదవలేనన్నాడు. పొద్దుటి నుంచి అద్దం ముందు నిలబడి చదువుతున్నానని, నిలబడితే మొదటి వాక్యం కూడా రావడం లేదని, కూర్చుంటే వస్తోందని చెప్పాడు. నాకు అర్థం కాలేదు. అతను కుర్చీ నా వైపు తిప్పాడు.

“రేపు ఆయన ఎదురుగా కూర్చుంటాడు. ఒక్క మాట అనక్కర్లేదు, ఊరికే చెయ్యి ఎత్తినా నేను లేచేస్తా. నిన్న చూసినావు గదా. లేచినానంటే చేతులు ఎనక్కి పోతాయి. ఎనక్కి పోయినంక నోరు రాదు నాకు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా రాలేదు.”

ఎండిన రక్తం కనురెప్ప మీద పొలుసులా ఉంది. గోక్కోలేదు. నన్ను రేపు విచారణకు తనతో రమ్మన్నాడు. వాళ్ళు అడిగే ప్రశ్నలు వినిపించకపోతే చెప్పడానికి కుడి పక్కన కూర్చోవాలి. ఒక చేత్తో వెనక నుంచి తన బెల్టు పట్టుకోవాలి. మొదటి నుంచి చివరిదాకా వదలకూడదు.

నువ్వు వంద కిలోలున్నావు, లేస్తే నన్ను కూడా లాక్కుని లేస్తావు, అప్పుడేం చెయ్యమంటావు అని అడిగాను.

“లాగు. బలం చాలకపోతే ఏలాడు. ఇద్దరం ఆడ కిందపడినా పరవాలేదు. కొట్టబాక, పట్టుకో. వాళ్ళు రాసుకునేదంతా అయిపోయేదాకా నన్ను నిలబడనియ్యబాక.”